మొదటి ఫీల్డ్ టెస్టు కాగితం చూసి భయపడినవాళ్ల కోసం

గత జూన్ నుంచి ఈ జనవరి దాకా కర్నూలులో గ్లాకోమా కోసం, అంటే కంటి నరం దెబ్బతిని చూపు మెల్లగా తగ్గే జబ్బు కోసం, ఫీల్డ్ టెస్టులు చేయించుకుంటూ వచ్చాను. కన్ను కదల్చకుండా మధ్యలోకి చూస్తుంటే చుట్టూ ఎక్కడెక్కడ ఎంత కనిపిస్తోందో కొలిచే పరీక్ష ఇది. మొదటి కాగితం చేతికొచ్చాక డాక్టరును కలిసేదాకా కంటి మీద కునుకు లేదు. మొదటి ఫీల్డ్ టెస్టు చాలామందికి అసలు చూపు కంటే అధ్వానంగా వస్తుందని ఆ రోజుల్లో ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే నాకు అంత నరకం ఉండేది కాదు. ఇప్పుడు ఆ ఆసుపత్రి కారిడార్‌లో కూర్చున్నవాళ్లకైనా ఆ మాట ముందుగా చేరాలని రాస్తున్నాను.

నాకు 51 ఏళ్లు. కోడుమూరు దగ్గర ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. వేసవి సెలవుల్లో కళ్లజోడు మార్చుకుందామని వెళితే ఎడమ కంటి ఒత్తిడి 26, కుడి కంటిది 22 అన్నారు. 21 దాటితే గ్లాకోమా అని అనుమానించాలట. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగారు. మా నాన్న గుర్తొచ్చాడు. పత్తికొండలో టమాటా సాగు చేసేవాడు. చివరి పదేళ్లు ఎవరైనా పక్క నుంచి పలకరిస్తే మనిషి మొత్తం అటు తిరిగేవాడు. గడపలు, గుంజలు తగిలి నుదురంతా మచ్చలే. వయసు మీద పడిందని అందరం అనుకున్నాం. ఏ రోజూ ఆయన కంటి ఒత్తిడి ఎవరూ చూడలేదు.

జూన్ 9, సోమవారం. కర్నూలులో ఆ ఎండకు ఆర్టీసీ బస్టాండు నుంచి ఆసుపత్రికి ఆటోలో వెళ్లేసరికే తల దిమ్మెక్కింది. ఓపీ చీటీ 300. ఫీల్డ్ టెస్టు రెండు కళ్లకు కలిపి 800, కంటి నరం మందం కొలిచే ఓసీటీ పరీక్షకు మరో 1,500. ఉదయం తొమ్మిదిన్నరకు కూర్చుంటే పన్నెండు దాటాక పిలిచారు. అప్పటికి పొద్దున తిన్న రెండు ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి.

చీకటి గది. ఒక తెల్లని గిన్నెను పక్కకు తిప్పి నిలబెట్టినట్టు ఉంది యంత్రం. ఎడమ కంటికి అట్ట కట్టి, గడ్డం ఆనించమని, చేతికి ఒక బటన్ ఇచ్చారు. ‘మధ్యలో పసుపు లైటునే చూడండి, చుక్క కనపడితే నొక్కండి’. అంతే, తలుపు మూసుకుంది. ఆ రెండు ముక్కలతో మొదటిసారి వచ్చిన మనిషికి ఏం తెలుస్తుంది? రెప్ప వేయవచ్చో లేదో తెలియక వేయలేదు. కన్ను మండి నీళ్లు కారాయి. చుక్కలు కాసేపు వరసగా వచ్చాయి, తర్వాత ఎంతసేపటికీ ఏమీ రాలేదు. యంత్రం నడుస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. చుక్కలు వస్తూనే ఉన్నాయి, నాకే కనపడటం లేదు అని గుండె జారింది. ఎక్కడైనా మెరిసిందేమోనని కన్ను అటూ ఇటూ పరుగెత్తింది. ఒక్కోసారి గిన్నె మొత్తం బూడిద రంగులోకి మసకబారి, పసుపు లైటు కూడా మాయమైంది. కుడి కన్ను అయ్యాక ఊపిరి తీసుకునేలోపే ఎడమ కన్ను మొదలైంది. అప్పటికి మెడ పట్టేసింది, నడుము లాగుతోంది. చివర్లో బటన్ మీద వేలు ఉందో లేదో కూడా తెలియలేదు.

బయటికి రాగానే రెండు కాగితాలు చేతిలో పెట్టారు. డాక్టరు ఆపరేషన్లకు వెళ్లిపోయారు, శుక్రవారం రమ్మన్నారు.

ఆ శుక్రవారం దాకా గడిచిన రోజుల గురించి కొంచెం వివరంగానే చెబుతాను. ఎడమ కంటి కాగితంలో నలుపు బొమ్మ ఉంది. అంచుల చుట్టూ చీకటి, ముక్కు వైపు పైభాగమంతా కటిక నలుపు. కింద ‘ఎండీ’ అనే చోట మైనస్ 8.4 డెసిబెల్. కుడి కంటికి మైనస్ 3.8. ఆ అంకె సున్నాకు దగ్గరగా ఉంటే అదే వయసు మామూలు మనుషుల చూపుతో సమానం, మైనస్‌లో ఎంత కిందికి పోతే అంత నష్టం అని బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఫోనులో చదివి చెప్పాడు. వాడి గొంతు వణకడం నాకు తెలుస్తూనే ఉంది. జూన్ 12న బడి తెరిచారు. బోర్డు ముందు నిలబడి కుడి కన్ను మూసి ఎడమ కంటితో వెనక బెంచీ పిల్లల ముఖాలు వెతికాను. అందరూ కనిపించారు. మరి ఆ నలుపు ఏమిటి? రాత్రి మంచం మీద పడుకుని ఫ్యాను రెక్కల్ని ఒక్కో కంటితో చూశాను. ‘ఎందుకలా పదే పదే కన్ను మూసి చూస్తావు, పడుకో’ అని మా ఆయన కసిరాడు. ఆ తర్వాత తనూ నిద్రపోలేదు. మళ్లీ మళ్లీ కళ్ల ముందు కదిలింది నాన్న నుదుటి మీది మచ్చలే.

జూన్ 13న డాక్టరు గారు ఓసీటీ కాగితం ముందు చూశారు, ఫీల్డ్ కాగితం తర్వాత చూశారు. ఎడమ కంటి నరం కింది భాగం పలచబడిందని, గ్లాకోమా ఉన్నట్టేనని చెప్పారు. రాత్రిపూట రెండు కళ్లలో ఒక్కో చుక్క వేసుకోమని మందు రాశారు. ఎంత చూపు పోయింది సార్ అని అడిగితే, ఈ కాగితాన్ని పట్టుకుని ఆ మాట చెప్పలేను అన్నారు. పైన ఒక మూల ఉన్న అంకెలు చూపించారు. పసుపు లైటు మీద చూపు నిలవని సందర్భాలు 15లో 7. అంతకుముందు చూసిన చోటే ఇంకా ప్రకాశంగా చూపించినా నొక్కనివి 22 శాతం. ‘టీచరు గారూ, ఇది మీ కంటి కాగితం కాదు, అలవాటు లేని పరీక్ష కాగితం. మూడు వారాల్లో మళ్లీ చేద్దాం’ అన్నారు. ఆ మాటకు ఊరట కలిగిందని అబద్ధం చెప్పను. నా ముందు ధైర్యం చెబుతున్నారనుకున్నాను.

చుక్కల మందు సంగతి ఇక్కడే చెప్పాలి. చిన్న సీసా, నెలకు ఒకటి, నాకు 400 చిల్లర పడుతోంది. తెరవనంతవరకు ఫ్రిజ్‌లోనే ఉంచాలి. మా వైపు ఎండాకాలంలో తెరిచాక కూడా ఫ్రిజ్‌లో పెట్టుకోవడమే మేలని మందుల షాపతను చెప్పాడు. కర్నూలు నుంచి మధ్యాహ్నం బస్సులో సీసా తెచ్చుకునేవాళ్లు ఐసు సంచి అడిగి తీసుకోండి, అడిగితే ఇస్తారు.

జూలై 3న రెండో పరీక్ష. ఈసారి ఉదయం తొమ్మిది గంటలకే టోకెన్ దొరికేలా మొదటి బస్సుకు వెళ్లాను. కడుపు నిండా తిని వెళ్లాను. కారిడార్‌లో నా పక్కన ఆదోని నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ‘కనపడినా కనపడకపోయినా నొక్కుతా ఉండు తల్లీ, మార్కులు బాగా వస్తాయి’ అని ప్రేమగా చెప్పాడు. లోపల ఈసారి ఉన్న ఆప్టోమెట్రిస్టు (కంటి పరీక్షలు చేసే నిపుణురాలు) చిన్న వయసు అమ్మాయి, ఎంతో ఓపిక. ఆ సలహా సంగతి చెబితే గట్టిగా వద్దంది. మనిషి చూసి నొక్కడానికి ఎంతో కొంత సమయం పడుతుందట. అంతకంటే ముందే పడిన నొక్కుల్ని యంత్రం పట్టుకుని లెక్క వేస్తుందట. అవి ఎక్కువైతే కాగితం తెల్లగా, అందంగా వస్తుంది, జబ్బు దాని కింద దాక్కుంటుంది. పెద్దాయనకు బయటికి వచ్చి చెప్పాను. విన్నాడో లేదో తెలియదు.

ఆ అమ్మాయి ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పిన విషయాలు నాకు జూన్‌లో తెలియాల్సినవి. చుక్క వెలిగేది సెకనులో ఐదో వంతు మాత్రమే. కంటికి 54 చోట్ల చూపిస్తారు. ఒక్కో చోట మీకు ఎంత మసక వెలుగు వరకు కనిపిస్తుందో తేల్చడమే పరీక్ష, అందుకే యంత్రం కావాలనే వెలుగు తగ్గించుకుంటూ పోతుంది. పూర్తి ఆరోగ్యంగా ఉన్న కంటికి కూడా దాదాపు సగం చుక్కలు కనపడవు. ఈ ఒక్క మాట వినగానే నా భుజాల మీది బరువు దిగింది. జూన్‌లో ఆ ఖాళీ క్షణాల్లో నేను గుడ్డిదాన్ని అయిపోతున్నానని వణికిపోయాను, నిజానికి పరీక్ష సక్రమంగా నడుస్తున్న క్షణాలవి! రెప్ప మామూలుగా వేయవచ్చు, నొక్కినప్పుడే వేస్తే ఇంకా మంచిది. అలసిపోతే బటన్ వదలకుండా నొక్కి పట్టుకోవాలి, యంత్రం ఆగుతుంది, వదిలితే మళ్లీ మొదలవుతుంది. నా పైరెప్పలు కొంచెం వాలి ఉంటాయని చూసి, సన్నని అతుకు పట్టీతో రెప్పను నుదుటి వైపు లాగి అంటించింది. కంటి ముందు పెట్టే అద్దాన్ని రెప్పవెంట్రుకలకు తగలనంత దగ్గరికి జరిపింది. అది దూరంగా ఉంటే అద్దం అంచే నీడలా పడి కాగితంలో చుట్టూ నలుపు వస్తుందట. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు పరీక్షకు ముందు వేయించుకోకండి అని కూడా చెప్పింది.

కంటికి ఆరేడు నిమిషాలు. ఎడమ కంటికి కొంచెం ఎక్కువ. మధ్యలో రెండు కళ్లకూ నడుమ కాసేపు ఆగమని నేనే అడిగాను, సరేనంది. మంచినీళ్లు తాగి, మెడ తిప్పుకుని కూర్చున్నాను.

కాగితం వచ్చింది. ఎడమ కంటికి మైనస్ 5.9, కుడి కంటికి మైనస్ 1.6. అంచుల చుట్టూ ఉన్న చీకటి సగానికి సగం పోయింది. అదే రోజు ఒత్తిడి చూస్తే 17, 16. మందు పనిచేసి చూపు తిరిగి వస్తోందని కారిడార్‌లోనే మా ఆయన చేయి పట్టుకుని ఏడ్చాను. ఒత్తిడి తగ్గింది, చూపు పెరిగింది, రెండూ ఒకే రోజు కనిపిస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు.

డాక్టరు గారు ఆ ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. ఒత్తిడి తగ్గింది మందు వల్లే. కాగితం మెరుగైంది మందు వల్ల కాదు. గ్లాకోమాలో చచ్చిపోయిన నరపు పోగులు తిరిగి రావు, మందు ఉన్నదాన్ని కాపాడుతుంది. ‘ఈ మూడు వారాల్లో మీరు నేర్చుకున్నది జవాబు చెప్పడం’ అన్నారు. ఇది ఆయన సొంత ఊహ కాదు. ఇదే యంత్రంలో వాడే పరీక్ష పద్ధతిని తయారుచేసిన స్వీడన్ పరిశోధకులు హెయిల్, బెంగ్ట్‌సన్ గ్లాకోమా రోగుల్లోనే ఈ అలవాటు ప్రభావాన్ని గమనించి 1996లో ప్రచురించారట. మెరుగుదల మధ్యలో కంటే అంచుల్లో ఎక్కువ. నా కాగితంలో మాయమైన నలుపు కూడా అంచుల్లోదే. ఇది మనిషి మనిషికీ మారుతుంది, కొందరికి మొదటి పరీక్షే బాగా వస్తుంది, కొందరికి మూడోది దాకా పడుతుంది.

నా సంతోషం మీద నీళ్లు చల్లినట్టయింది ఆ సాయంత్రం. కానీ బస్సులో కూర్చుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి కనిపించింది. అంచుల నలుపు కదిలిపోయింది, ముక్కు వైపు పైన ఉన్న ఆ నలుపు మాత్రం అంగుళం కదల్లేదు. కంటిలో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి చూపులో పైభాగం పోతే నరంలో కింది భాగం దెబ్బతిన్నట్టు. ఓసీటీలో పలచబడిందన్నది సరిగ్గా ఆ కింది భాగమే. రెండు వేర్వేరు యంత్రాలు ఒకే చోటును వేలు పెట్టి చూపించాయి. భయం పోలేదు కానీ, దానికి ఒక హద్దు దొరికింది. నా జబ్బు ఎంత మేర ఉందో మొదటిసారి తెలిసింది.

మూడో పరీక్ష దసరా సెలవుల్లో, సెప్టెంబరు 25న. ఆగస్టు 15 నుంచి మహిళలకు బస్సు ఉచితం కాబట్టి నా టికెట్టుకు డబ్బు పడలేదు. ఆసుపత్రి ఖర్చుతో పోలిస్తే చిన్నదే కానీ, నెలనెలా మందు కొనేవాళ్లకు అదీ లెక్కే. ఆ రోజు మామూలు కంటే రద్దీ, రెండున్నర గంటలు కూర్చున్నాం. ఎడమ కన్ను మైనస్ 4.6, కుడి కన్ను మైనస్ 1.1. మళ్లీ మెరుగే, కానీ ఈసారి పెరిగింది కొంచెమే. పైన మూల నలుపు ఎప్పటిలాగే ఉంది.

డాక్టరు గారు నా ఫైలులో జూన్ కాగితం మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత కొట్టి, జూలై, సెప్టెంబరు కాగితాల మీద గుండ్రంగా చుట్టారు. ఇకమీదట పోల్చేది వీటితోనే అన్నారు. ఎందుకో ఆయన పూర్తి చేయకముందే నాకు తట్టింది, లెక్కల మనిషిని కదా. నిజంగా జబ్బు ముదిరి నా ఎడమ కంట్లో మరో 2 డెసిబెల్ పోయిందనుకోండి. మైనస్ 4.6 కాస్తా మైనస్ 6.6 అవుతుంది. దాన్ని జూన్‌లోని మైనస్ 8.4తో పోలిస్తే ‘మెరుగైంది’ అనే వస్తుంది! కన్ను పోతుంటే కాగితం శుభవార్త చెబుతుంది. అలవాటు ప్రభావం అంటే మొదట్లో అనవసరంగా భయపెట్టేది మాత్రమే అనుకున్నాను. అంతకంటే పెద్ద ప్రమాదం ఇదే. మొదటి కాగితాన్నే పునాదిగా పెట్టుకుని ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటూ ‘అంతా బాగుంది’ అనుకునేవాళ్లు ఎంతమంది ఉంటారో తలచుకుంటే ఇప్పటికీ గుబులుగా ఉంటుంది. మీ ఫైలులో పునాది కాగితం ఏదో డాక్టరును అడగండి. అడగడం మన హక్కు.

ఇన్నిసార్లు ఎందుకు సార్, ప్రతిసారీ 800 కదా అని అప్పుడే అడిగాను. జబ్బు త్వరగా ముదిరే రకమా, నెమ్మదిగా నడిచే రకమా అని తేల్చాలంటే మొదటి రెండేళ్లలో ఆరు పరీక్షలు కావాలని 2008లో చౌహాన్ అనే పరిశోధకుడి బృందం సూచించిందట. అలవాటు కోసం ఇంట్లో ఫోనులో ఏదైనా సాధన చేయనా అంటే అవసరం లేదన్నారు. అదే ఆసుపత్రి, అదే యంత్రం, అదే రకం పరీక్ష, వీలైతే పొద్దున వేళ. ఇవి మార్చకుంటే చాలన్నారు. యంత్రం మారినా, పరీక్ష రకం మారినా కాగితాల్ని నేరుగా పోల్చడం కుదరదు.

ఈ జనవరి 12న, సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళ్లాను. ఒత్తిడి 16, 15. ఎడమ కన్ను మైనస్ 4.8. సెప్టెంబరు కంటే తగ్గింది. అంతేకాదు, పాత నలుపు పక్కన అంతకుముందు తెల్లగా ఉన్న ఒక చోట కొత్తగా బూడిద రంగు. కాళ్లు చల్లబడ్డాయి. అయితే ఈసారి ఏం అడగాలో నాకు తెలుసు. ఇది ఊగిసలాటా, నిజమైన మార్పా? అలవాటు పడ్డాక కూడా ఒక రోజుకూ ఇంకో రోజుకూ కొంత తేడా ఉంటుందని, 0.2 తేడాకు అర్థం లేదని చెప్పారు. ఆ బూడిద రంగు చోటు మాత్రం గుర్తుపెట్టుకుంటారు. తర్వాతి పరీక్షల్లోనూ సరిగ్గా అక్కడే వస్తే అప్పుడు రెండో మందు ఆలోచిస్తారు. రాకపోతే అది ఆ రోజు అలసట. మేలో మళ్లీ పరీక్ష.

గ్లాకోమా ఉన్నవాళ్ల తోబుట్టువులు, పిల్లలు తప్పకుండా చూపించుకోవాలన్నారు కాబట్టి పత్తికొండ నుంచి మా అన్నను నేనే బలవంతంగా పంపించాను. వారం క్రితం పరీక్ష చేశారు. రాత్రి ఫోను చేశాడు, గొంతు పూడుకుపోయి ఉంది. ‘కాగితమంతా నల్లగా ఉందమ్మా, నాన్నలాగే అయిపోతానేమో’ అన్నాడు. కాగితం ఫోటో పంపమన్నాను. ముందు పైన మూల అంకెలు చూశాను. చూపు నిలవనివి 14లో 6. ‘అన్నా, ఇది అలవాటు లేని పరీక్ష కాగితం. ఓసీటీ కాగితం కూడా పంపు. గురువారం మళ్లీ చేయమని అడుగుదాం, నేనూ వస్తాను. పొద్దున తిని రా’ అన్నాను. రెప్ప వేయవచ్చని, అలసిపోతే బటన్ నొక్కి పట్టుకోవాలని, సగం చుక్కలు ఎవరికీ కనపడవని రెండుసార్లు చెప్పాను. మూడోసారి తనే నాకు తిరిగి చెప్పాడు. సెలవు చీటీ రాసి హెచ్‌ఎంకు ఇచ్చాను.